ముడి నుండి కుట్టు వరకు: రక్తనాళాల శస్త్రచికిత్స కథ

సుంకేసుల వద్ద తుంగభద్రను వీడి, కర్నూలు పట్టణం గుండా కడప వైపు సాగే కె.సి. కాల్వను మన ప్రాంతంలో ఎరుగనివారు అరుదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఆ కాల్వకు ఎక్కడైనా గట్టు బలహీనపడి బయటకు ఉబ్బిందనుకుందాం. అప్పుడు చేయదగిన పనులు రెండు. పైన నీటిని ఆపివేయవచ్చు. గండి పడదు గాని కింది ఆయకట్టు ఎండిపోతుంది. లేదా పారుదల చెడకుండా గట్టునే బాగుచేయాలి. మొదటిది సులభం, రెండవది కష్టం.

మన దేహంలోని రక్తనాళాలు ఉబ్బినప్పుడు శస్త్రవైద్యుల ముందు నిలిచిన సమస్య కూడా ఇదే. నాళానికి ముడివేసి రక్తాన్ని ఆపాలా, నాళాన్ని కుట్టి ప్రవాహాన్ని నిలపాలా? ముడి నుండి కుట్టుకు చేరడానికి వైద్యశాస్త్రానికి దాదాపు పదిహేడు వందల ఏండ్లు పట్టింది. అయితే ఈ మార్పు ధమనుల విషయంలోనే జరిగింది. సిరల విషయంలో ముడి నేటికీ సరియైన చికిత్సయే. ఈ భేదం ఎందుకు వచ్చిందో తెలిసికొంటే, ఏ వాపును ఉపేక్షించరాదో, ఏ వాపును చూసి హడలిపోనక్కరలేదో మీకు తేటపడుతుంది.

ధమని వేరు, సిర వేరు

గుండె నుండి అవయవాలకు రక్తాన్ని చేర్చేవి ధమనులు. వాటిలో రక్తం ఒత్తిడితో, తరంగాలుగా పోతుంది. మణికట్టు వద్ద వేలికి తగిలే నాడి ఆ తరంగమే. వయసు, పొగాకు, అధిక రక్తపోటు, ధమనీ కాఠిన్యం, కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యపు లోపం, గాయం, సూక్ష్మజీవుల సోకుడు వంటి కారణాలవలన ధమని గోడ బలహీనపడితే అది బుడగవలె ఉబ్బుతుంది. వైద్యులు ఎన్యూరిజం అనే దీనిని మనం ధమనీ బుడగ అందాం. ఇందులో ఒక ప్రమాదకరమైన లెక్క ఉన్నది. లోపలి ఒత్తిడి ఒకటే అయినా, గొట్టం వెడల్పైన కొద్దీ దాని గోడపై బిగువు పెరుగుతుంది. కనుక ఉబ్బినది ఇంకా ఉబ్బుతుంది. పెద్దదైన బుడగ పగిలే అవకాశం చిన్నదానికంటె ఎంతో ఎక్కువ.

అవయవాల నుండి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చేవి సిరలు. వీటిలో ఒత్తిడి తక్కువ. కాళ్ళలోని రక్తం పైకి ఎక్కాలి. అది కిందికి జారకుండా సిరల లోపల చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. పిక్క కండరం బిగిసినప్పుడల్లా రక్తం ఒక మెట్టు పైకి పోతుంది, కవాటం మూసికొంటుంది. ఆ కవాటాలు చెడితే రక్తం కిందికి దిగి, చర్మం కింది సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. ఇవే ఉబ్బుసిరలు, వెరికోస్ వీన్స్ అనే మాట మీరు విని ఉంటారు. గంటల తరబడి నిలబడి పనిచేసేవారిలోను, పలుమార్లు గర్భం దాల్చిన స్త్రీలలోను ఇవి ఎక్కువ. బేతంచెర్ల బండల పాలిషింగు యూనిట్లలో పనివారు, బస్సు కండక్టర్లు, బడిపంతుళ్ళు, హోటళ్ళలో వంటవారు కాళ్ళ బరువు గురించి చెప్పే మాటల వెనుక తరచు ఉండే కారణం ఇది.

ముడి యుగం

నాళాల ఉబ్బును మన పూర్వులు ఎరుగుదురు. సుశ్రుత సంహితలో సిరాజ గ్రంథి అనే వ్యాధి వర్ణన ఉంది. నొప్పితో కూడి కదిలేది కష్టసాధ్యమనీ, నొప్పి లేక, కదలక, పెద్దదై, మర్మస్థానంలో ఉన్నదానిని విడిచిపెట్టవలెననీ ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోరాదో నిర్ణయించడమే నాటి వైద్యుని వివేకం.

క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో ఆంటిలస్ అనే గ్రీకు వైద్యుడు ధమనీ బుడగకు పైన ఒక ముడి, కింద ఒక ముడి వేసి, నడుమ బుడగను చీల్చి ఖాళీచేసే పద్ధతిని చెప్పాడు. తర్వాత శతాబ్దాలపాటు అంతకు మించినది రాలేదు. ఐరోపాలో మంగలి వైద్యులు మోచేతి వద్ద సిరను కోసి రక్తం తీసే ఆచారం బలంగా ఉన్న కాలంలో, కత్తి గురితప్పి కింది ధమనికి తగిలి అక్కడ బుడగలు ఏర్పడేవి. చికిత్సయే వ్యాధిని పుట్టించిన సందర్భాలు వైద్యచరిత్రలో కొత్తవి కావు.

1785 డిసెంబరులో లండన్ సెయింట్ జార్జి ఆసుపత్రిలో జాన్ హంటర్ ఒక కొత్త ఆలోచన చేశాడు. రోగి నలభై అయిదేండ్ల గుర్రపుబండి తోలేవాడు. మోకాలి వెనుక ధమనీ బుడగ ఉంది. అటువంటివారికి తొడ పైన కాలు తీసివేయడమే నాటి రివాజు. హంటర్ బుడగ జోలికి పోలేదు. దానికి చాలా పైన, తొడ నడుమ ఆరోగ్యంగా ఉన్న చోట ధమనికి ముడివేశాడు. ప్రధాన మార్గం మూసుకొన్నా, చుట్టూ ఉన్న సన్నని కొమ్మ ధమనులు క్రమంగా వెడల్పై కాలికి రక్తం అందిస్తాయని ఆయన నమ్మకం. అదే జరిగింది. ఆరు వారాలకు రోగి తన కాళ్ళతో ఇంటికి నడిచి వెళ్ళాడు. తొడలో ఆ ధమని నడిచే సొరంగాన్ని నేటికీ శరీరశాస్త్ర పుస్తకాలలో హంటర్ కాల్వ అనే పిలుస్తారు.

అయితే కొమ్మ కాల్వలు ఆదుకోకపోతే? 1817లో హంటర్ శిష్యుడు ఆస్ట్లీ కూపర్ పొట్టలోని బృహద్ధమనికే ముడివేశాడు. రోగి నలభై గంటలు మాత్రమే బ్రతికాడు. ముడికి ఒక హద్దు ఉన్నదని ఆ శస్త్రచికిత్స చూపింది. చిన్న కాల్వను మూస్తే పక్క కాల్వలు ఆదుకోవచ్చు. పెద్ద కాల్వను మూస్తే పొలం ఎండుతుంది.

సిరలకు ముడి ఎందుకు సరిపోయింది?

ఇదే ముడిని 1890లో జర్మనీ శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిక్ ట్రెండెలెన్‌బర్గ్ ఉబ్బుసిరలకు వాడాడు. తొడ లోపలి వైపు చర్మం కింద పైకి పోయే పెద్ద సిరకు ముడివేసి, పైనుండి రక్తం కిందికి జారకుండా ఆపాడు. ఫలితం బాగుంది. ధమనికి కీడు చేసే ముడి సిరకు మేలు చేయడం వింతగా తోచవచ్చు. కారణం ఇది. కాలిలో సిరలు రెండు వరుసలుగా ఉంటాయి. చర్మం కింద ఉండేవి పైవరుస. కండరాల నడుమ ఉండేవి లోవరుస. కాలి రక్తంలో అధికభాగం లోసిరల ద్వారానే గుండెకు చేరుతుంది. పైసిర చెడినప్పుడు అది రక్తాన్ని పైకి పంపడం మాని కిందికి వదులుతున్నది. కనుక దానిని మూసినా కాలికి నష్టం లేదు; పైగా భారం తగ్గుతుంది.

అయితే ఒక షరతు ఉన్నది. లోసిరలు తెరచుకొని ఉండాలి. అవి రక్తపు గడ్డలతో మూసుకొని ఉంటే, రక్తం తిరిగి పోవడానికి పైసిరలే దిక్కు. అప్పుడు వాటిని మూయడం అపచారం. ఈ సంగతి తేల్చడానికి తొడకు రబ్బరు పట్టీ కట్టి రోగిని నడిపించే పరీక్షను 1890లలో పెర్తెస్ రూపొందించాడు. దశాబ్దాలపాటు వైద్య విద్యార్థులు ఆ రెండు పరీక్షలను, ట్రెండెలెన్‌బర్గ్ పేరుతో ఒకటి, పెర్తెస్ పేరుతో ఒకటి, వల్లెవేసినవారే. నేడు డాప్లర్ అల్ట్రాసౌండు ఆ పనిని మరింత కచ్చితంగా చేస్తున్నది.

ట్రెండెలెన్‌బర్గ్ తొడ నడుమ ముడివేసిన చోటుకు పైనున్న కొమ్మల ద్వారా కొందరికి వ్యాధి తిరిగి వచ్చేది. అందుచేత తర్వాతివారు గజ్జలో, పైసిర లోసిరతో కలిసే చోటనే ముడివేయడం నేర్చారు. 1907లో అమెరికాలో బాబ్‌కాక్ సిరలోనికి తీగను దూర్చి మొత్తం సిరను లాగివేసే పద్ధతిని తెచ్చాడు. ఇరవయ్యవ శతాబ్దమంతా ఇదే ప్రధాన చికిత్స.

కుట్టు వచ్చిన దారి

1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు గురియైనాడు. పొట్టలోని పెద్ద సిర తెగింది. దానిని కుట్టగల విద్య నాటి శస్త్రవైద్యులకు లేదు, ఆయన మరణించాడు. ఆ నగరంలోనే వైద్యవిద్య చదువుతున్న అలెక్సిస్ కారెల్ ఈ లోపాన్ని మనసుకు పట్టించుకొన్నాడు. ఎంబ్రాయిడరీ చేసే ఒక స్త్రీ వద్ద సన్నని సూదితో, సన్నని దారంతో కుట్టడం నేర్చుకొన్నాడు. 1902లో తన పద్ధతిని ప్రకటించాడు. తెగిన నాళపు గుండ్రని అంచును మూడు చోట్ల దారాలతో పట్టి లాగితే అది త్రిభుజమవుతుంది. అప్పుడు తిన్నని గీతపై కుట్టినట్లే కుట్టవచ్చు. ఇంతటి సరళమైన ఉపాయమది. 1912లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేడు డయాలిసిస్ కొరకు మణికట్టు వద్ద ధమనిని సిరతో కలిపే ఫిస్టులా చేయించుకొన్న ప్రతి రోగి చేతిలోను కారెల్ విద్య ఉన్నది.

విద్య వచ్చినంతమాత్రాన వాడుక రాలేదు. రెండవ ప్రపంచయుద్ధంలోనూ తెగిన ధమనులకు ఎక్కువగా ముడులే వేశారు. 2,471 మంది అమెరికా సైనికుల ధమనీ గాయాలను డిబేకీ, సిమియోన్ అనే వైద్యులు 1946లో సమీక్షించారు. ముడివేసినవారిలో దాదాపు సగం మంది చేతినో కాలినో కోల్పోయారు. కొరియా యుద్ధంలో ధమనులను కుట్టి బాగుచేయడం మొదలైన పిదప ఆ నష్టం సుమారు నూటికి 13కు తగ్గింది. ముడికీ కుట్టుకూ గల భేదాన్ని చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన లెక్క అవసరం లేదు.

బృహద్ధమని బుడగ మాత్రం ఇంకా లొంగలేదు. 1948లో ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ పొట్టలో అటువంటి బుడగ కనబడింది. శస్త్రవైద్యుడు రుడాల్ఫ్ నిస్సెన్ దాని చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టాడు. ఆ కాగితం రేపే వాపువలన చుట్టూ గట్టి పొర ఏర్పడి బుడగను పట్టి ఉంచుతుందని ఆశ. ఐన్‌స్టైన్ మరి ఆరేండ్లకు పైగా జీవించాడు. 1955 ఏప్రిల్‌లో బుడగ పగిలింది. అప్పటికి శస్త్రచికిత్స సాధ్యమై ఉన్నా ఆయన వద్దన్నాడు. 18వ తేదీన మరణించాడు.

ఆ నడుమనే, 1951 మార్చి 29న పారిస్‌లో షార్ల్ ద్యూబోస్ట్ పొట్టలోని బృహద్ధమని బుడగను కోసి తీసి, ఆ స్థానంలో మరణించినవారి నుండి సేకరించిన ధమనిని కుట్టాడు. అయితే అటువంటి ధమనులు ఎందరికని దొరుకుతాయి? జవాబు బట్టల దుకాణంలో దొరికింది. అమెరికాలోని హ్యూస్టన్‌లో మైఖేల్ డిబేకీ నైలాన్ గుడ్డ కొరకు వెళితే అది లేదని డేక్రాన్ గుడ్డ ఇచ్చారు. ఇంట్లోని కుట్టుమిషను మీద ఆయన దానిని గొట్టాలుగా కుట్టాడు. 1950ల నడుమ నుండి డేక్రాన్ గొట్టం కృత్రిమ ధమనిగా స్థిరపడింది. నేత గుడ్డ కాబట్టి దాని కన్నాలలో శరీరకణజాలం అల్లుకొని పట్టుకొంటుంది. పడుగు, పేకల బిగువు కుదరకపోతే బట్ట నిలవదని ఎమ్మిగనూరు నేతగాడు ఎరుగును. కృత్రిమ ధమనిని నేసేవారి లెక్క కూడా అదే. మరీ వదులైతే రక్తం కారుతుంది, మరీ బిగువైతే కణజాలం చొరబడదు. 2006లో, 97 ఏండ్ల వయసులో, బృహద్ధమని గోడ చీలి డిబేకీయే రోగియైనప్పుడు, ఆయన శిష్యులు ఆయన రూపొందించిన పద్ధతిలోనే శస్త్రచికిత్స చేసి ఆయనను బ్రతికించారు.

లోపలి నుండి చికిత్స

పొట్ట కోసి చేసే ఈ శస్త్రచికిత్సను వృద్ధులు, గుండెజబ్బు ఉన్నవారు తట్టుకోలేరు. 1987లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్, 1990 సెప్టెంబరులో అర్జెంటీనాలో హువాన్ పరోది, ధమని లోపలి నుండే గుడ్డగొట్టాన్ని చేర్చే దారిని చూపారు. గొట్టాన్ని మడిచి, గజ్జ ధమని ద్వారా పైకి పంపి, బుడగ ఉన్న చోట విప్పుతారు. రక్తం కొత్త గొట్టంలో పారుతుంది. బుడగ గోడపై ఒత్తిడి తగ్గుతుంది. పారుదల ఆపకుండా గట్టుకు లోపలి నుండి లైనింగు వేసినట్లన్నమాట. అయితే గొట్టం పక్కనుండి రక్తం బుడగలోనికి ఊరే అవకాశం ఉన్నందున ఈ రోగులు ఏండ్ల తరబడి స్కాను పరీక్షలకు రావలసి ఉంటుంది.

సిరల చికిత్స కూడా ఇదే దారి పట్టింది. 1990ల చివరి నుండి సిరలోనికి సన్నని తీగను పంపి, లేజరు లేదా రేడియో తరంగాల వేడితో దానిని లోపలనే మూసివేస్తున్నారు. కొన్ని సిరలను నురుగు మందు సూదితో మూస్తారు. పెద్ద కోత లేదు. చాలామంది అదే రోజు నడచి ఇంటికి పోతారు. పరికరం మారినా సిద్ధాంతం ట్రెండెలెన్‌బర్గ్ నాటిదే.

మన నేలపై ఈ కథ

1839లో కర్నూలు నవాబు పాలన ముగిసి ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ వశమైంది. నాటి నుండి 1953 వరకు మనకు పెద్ద ఆసుపత్రి అంటే మద్రాసే. 1835లో అక్కడ మొదలైన వైద్యపాఠశాలయే తర్వాత మద్రాసు వైద్య కళాశాల అయింది. కడప, చిత్తూరు ప్రాంతాలవారికి వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల మరొక ఆశ. ఆరోగ్యం చెడితే రైలెక్కడం రాయలసీమ కుటుంబాల జీవితంలో ఒక భాగమైపోయింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. 1956లో ఇక్కడ వైద్య కళాశాల నెలకొన్నది. ఆ ఏడే నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, కళాశాల నిలిచింది. రాయలసీమకు ఇదే మొదటి వైద్య కళాశాల. దాని ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు మన జిల్లాలవారే గాక పొరుగున ఉన్న తెలంగాణ, కర్ణాటక జిల్లాలవారు కూడా వస్తారు. గుండె, ఛాతీ, రక్తనాళాల శస్త్రచికిత్సలు అక్కడ జరుగుతున్నాయి.

రక్తనాళాల శస్త్రచికిత్స వేరొక శాఖగా రూపుదిద్దుకొనడం దేశంలో ఆలస్యంగా జరిగింది. 1978లో మద్రాసు వైద్య కళాశాలలో ఆచార్య ఎస్. ఎ. హుస్సేన్ నేతృత్వంలో ప్రత్యేక విభాగం మొదలైంది. పిదప హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వంటి చోట్ల ఈ శాఖ పెరిగింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో పలు రక్తనాళాల శస్త్రచికిత్సలు చేరడంతో పేదవారికి ఖర్చు భయం కొంత తీరింది.

తీరనిది దూరం. కర్నూలు నుండి హైదరాబాదుకు రెండు వందల కిలోమీటర్లకు పైన. ఆలూరు, పత్తికొండ పల్లెల నుండి ముందు కర్నూలు చేరడమే ఒక ప్రయాణం. ధమని తెగిన కాలికి సుమారు ఆరు గంటలలోపు రక్తం తిరిగి అందకపోతే కండరాలు చచ్చిపోవడం మొదలవుతుంది. కారెల్ కుట్టు లోకంలో ఉన్నది. అది గడువులోపల మన రోగికి అందుతుందా అన్నదే మన ప్రశ్న. ఈ గడువును పొడిగించడం ఎవరికీ సాధ్యం కాదు. కాని ముందుగా గుర్తించి, త్వరగా బయలుదేరడం మీ చేతిలో ఉన్నది.

మీరు గుర్తుంచుకోవలసినవి

గుండెతోపాటు కొట్టుకొనే గడ్డను ఎన్నడూ కోయించవద్దు, సూది గుచ్చనివ్వవద్దు. చీముగడ్డ అని భ్రమించి ధమనీ బుడగను చీలిస్తే క్షణాలలో ప్రాణం పోవచ్చు. మెడ, గజ్జ, మోకాలి వెనుక, పొట్ట, ఎక్కడైనా సరే, గడ్డపై చేయి వేసి అది నాడివలె ఎగసిపడుతున్నదేమో చూడండి. అటువంటిదైతే ముందు డాప్లర్ పరీక్ష.

అరవై అయిదేండ్లు దాటి, బీడీ సిగరెట్ల అలవాటు ఉన్న లేదా ఒకప్పుడు ఉండిన పురుషులు ఒకసారి పొట్ట అల్ట్రాసౌండు చేయించుకొనడం మంచిది. తోబుట్టువులకు గాని తల్లిదండ్రులకు గాని బుడగ ఉన్నవారు కూడా. బృహద్ధమని సాధారణ వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. 3 దాటితే బుడగ అంటారు. పురుషులలో 5.5 సెంటీమీటర్లు చేరితే సాధారణంగా శస్త్రచికిత్సను యోచిస్తారు. స్త్రీలలో ఇంకా కొంచెం ముందే. అంతకు చిన్నవైతే పొగ మాని, రక్తపోటును అదుపులో ఉంచుకొని, గడువు ప్రకారం పరీక్షలకు వెళ్ళాలి. ఇటువంటివారికి హఠాత్తుగా పొట్టలోనో నడుములోనో తీవ్రమైన నొప్పి వచ్చి, చెమటలు పట్టి సొమ్మసిల్లితే, అది వాతపు నొప్పి అని ఇంట కూర్చోరాదు.

రోడ్డు ప్రమాదంలో చేతికో కాలికో గాయమై రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గాయంపైనే గట్టిగా ఒత్తిపట్టండి. పాదం చల్లబడి, పాలిపోయి, నాడి దొరకకపోతే ధమని తెగిందని అనుమానించి, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికే నేరుగా తీసుకొని వెళ్ళండి. ప్రమాదం జరిగిన వేళను కాగితంపై రాసి ఇవ్వండి.

ఉబ్బుసిరలవలన ప్రాణభయం అరుదు. కాని నిర్లక్ష్యం తగదు. చీలమండకు పైన లోపలి వైపు చర్మం నల్లబడి, దురద పెట్టి, పుండు పడితే అది నెలల తరబడి మానదు. ఆ పుండుకు ఆకుపసర్లు పోసి, పొడులు చల్లి కాలం గడపడం కంటె, వైద్యుని సలహాతో బిగువు పట్టీ కట్టించి, కాలు ఎత్తుగా ఉంచి, మూలకారణమైన సిరకు చికిత్స చేయించుకొనడం మేలు. సిర చిట్లి రక్తం కారితే భయపడక పడుకొని కాలు పైకెత్తి వేలితో ఒత్తిపట్టండి, ఆగుతుంది. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే లోసిరలో గడ్డ కట్టి ఉండవచ్చు. దానిని పిసకడం, తోమడం చేయరాదు, ఆ రోజే వైద్యుని చూడాలి.

పొట్టలోని బృహద్ధమని బుడగలు చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతాయి. నొప్పి వచ్చేసరికి చాలామందికి వ్యవధి మిగలదు. మీ ఇంట్లో ఎన్నో ఏండ్లు బీడీ కాల్చిన పెద్దాయన ఉంటే, ఈసారి కర్నూలు వచ్చినప్పుడు పొట్ట స్కాను ఒకటి చేయించండి. అది కొద్ది నిమిషాల పని.